ఆ రాయి మీద వచ్చింది అనిమోనేనా? మీ ట్యాంకు ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల ఎక్కువ మట్టుకు ఒక్క జీవి గురించే ఉన్నయి, సముద్రపు అనిమోన్, అంటె రాయిని పట్టుకొని పువ్వు లెక్క పోగులు చాపుకొని ఉండే జంతువు. సముద్రం చూడాల్నంటె సూర్యలంకకో మచిలీపట్నానికో బండి కట్టుకొని పోవాల్సిన మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఇండ్లల్ల ఇప్పుడు ఉప్పునీళ్ళ ట్యాంకులు పెడుతున్నరు, చాన సంతోషం, కాని చాన మంది తమ దగ్గర ఉన్నది ఏ రకమో తెలుసుకోకుండనే దాన్ని పెంచుడో చంపుడో మొదలు పెడుతున్నరు. ఏ రకమో తెలిసినంక చెయ్యాల్సిన పని తేలికనే ఉంటది. అందుకె ఈ నెల పేజీ మొత్తం దానికే.

ప్రశ్న: అన్నా, మాది నల్లగొండ. ఆరు నెలల కింద 200 లీటర్ల మెరైన్ ట్యాంకు పెట్టిన, లైవ్ రాక్ (సముద్రపు జీవులు పట్టి ఉన్న రాయి) హైదరాబాద్‌ల కొన్న. పోయిన నెల రాయి సందుల నుంచి గోధుమ రంగుల ఒకటి బయటికొచ్చింది, చుట్టూ సన్నటి పోగులు, వేలు దగ్గర పెడితె టక్కున లోపటికి పోతది. షాపాయన అనిమోన్ పిల్ల, మీ అదృష్టం, పైసలు పెట్టకుండ వచ్చింది అన్నడు. ఇప్పుడు అవి పది పన్నెండు అయినయి, పక్కన ఉన్న, పగడాల చుట్టాలైన జోవాంథిడ్‌లు మూసుకపోయినయి. క్లౌన్ చేపలు దాని దిక్కు కూడ పోతలేవు. ఇది ఏ అనిమోన్, దీనికి ఏం పెట్టాలె?

తమ్ముడూ, నువ్వు రాసిన గుర్తులన్ని ఐప్టేషియాకే సరిపోతున్నయి. దీన్నే గ్లాస్ అనిమోన్ అంటరు, ఒంట్లకెల్లి వెలుతురు కనబడేంత పల్చగ ఉంటది కాబట్టి ఆ పేరు. అనిమోనే, అందుల అబద్ధం లేదు, కాని క్లౌన్ చేప ఇల్లు చేసుకునే అనిమోన్ కాదు, లైవ్ రాక్ మీద దాక్కొని వచ్చే కలుపు ఇది. దీనికి ఏం పెట్టొద్దు, పెడితె ఇంక పెరుగుతది.

నమ్మకం కలగాల్నంటె నాలుగు సంగతులు చూడు. ఒకటి, కాండం సన్నగ పొడుగ్గ ఉంటది, మీద నోరున్న పళ్ళెం వెడల్పుగ ఉంటది, పోగులు అంటె టెంటకిల్స్ కొస దాక సన్నగ సూదిగ పోతయి, కొన్ని పొడుగు కొన్ని పొట్టి కలిసి ఉంటయి. రెండు, ముట్టుకోంగనే కండ్లు మూసి తెరిచే లోపల సందులకు పోతది, పెద్ద హోస్ట్ అనిమోన్లు, అంటె క్లౌన్ చేపలు ఇల్లు చేసుకునేవి, అంత తొందరగ ముడుచుకోవు. మూడు, నువ్వు కొనలేదు. నాలుగు, దానంతట అదే వారం వారం ఎక్కువైతుంది. ఈ చివరి రెండు కలిసినయంటె నూటికి తొంభై పాళ్ళు అది ఐప్టేషియా, లేకపోతె మజానో అనే ఇంకో కలుపు అనిమోన్ అయి ఉంటది.

మజానో గురించి కూడ చెప్తా, ఎందుకంటె దాన్ని చూసి బబుల్ టిప్ (క్లౌన్ చేపల కోసం కొనే అనిమోన్) పిల్ల అని మోసపోయేటోళ్ళు ఉన్నరు. మజానో పొట్టిగ, బొద్దుగ ఉంటది, పోగుల కొసలు కొంచెం ఉబ్బి ఉంటయి, ఆకుపచ్చో గులాబీ రంగో మెరుస్తయి, అందంగనే ఉంటది, అదే చిక్కు. బబుల్ టిప్‌కి ఉబ్బు వచ్చేది సరిగ్గ కొస కాడ కాదు, కొసకు కొంచెం కింద, ఆ ఉబ్బు మీద చాన వాటికి తెల్లటి పట్టీ ఒకటి కనబడుతది, దాని కాలు రాయి పగుళ్ళ లోపల గట్టిగ పట్టుకొని ఉంటది, కాండం మీద బొడిపెలు ఉండవు. మజానో ఎంత పెరిగినా రెండు మూడు సెంటీమీటర్ల కాడనే ఎక్కువ శాతం ఆగిపోతది, బబుల్ టిప్ ఒక అడుగు దాక పోతది.

ఇంకో రెండు పోలికలు ఉన్నయి. ట్యూబ్ అనిమోన్ అని అమ్ముతరు, ఇసుకల మెత్తటి గొట్టం కట్టుకొని అందుల ఉంటది, నోటి చుట్టూ పొట్టి పోగుల వరుస ఒకటి, అంచు మీద పొడుగు పోగుల వరుస ఒకటి, రెండు వరుసలు కనబడ్డయంటె అది అదే. అసలు అనిమోన్ల జాతి కాదు, దగ్గరి చుట్టం, క్లౌన్లు దాంట్ల ఉండవు, పక్కకొచ్చిన చేపను గట్టిగనే కుట్టుతది. రెండోది నీ దగ్గర ఉన్న జోవాంథిడ్‌లు, చిన్నగ గుండ్రంగ గుంపులు గుంపులుగ, అడుగున ఒకదానికొకటి అతుక్కొని, పొట్టి పోగులు అంచుకు మాత్రమే ఉంటయి. వీటి సంగతి ప్రాణం మీదికి వచ్చేది కాబట్టి అందరు జర మనసు పెట్టి చదువుండ్రి. కొన్ని జోవాంథిడ్‌లల్ల పాలీటాక్సిన్ అనే విషం ఉంటది, మనకు తెలిసిన విషాలల్ల అన్నిటికంటె బలమైన వాటిల ఒకటి. కలుపు పోతదని రాయి తీసి మరగబెడుతరు కొందరు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాది ఆసుపత్రి పాలైన సంఘటనలు బయటి దేశాలల్ల ఉన్నయి. లైవ్ రాక్‌ను మరగబెట్టొద్దు, బ్రష్ పెట్టి గీకొద్దు, చేతికి గాయం ఉంటె గ్లౌజులు లేకుండ ట్యాంకుల పెట్టొద్దు.

ఇగ ఐప్టేషియా తీసుడు. గోరుతోని గీకితె, కత్తితోని కోస్తె పోదు, కాలు ముక్క చిటికెడంత రాయికి మిగిలినా దాన్నుంచి మల్ల పూర్తి జీవి మొలుస్తది, ఒకటి పది అయితది. చెయ్యాల్సింది ఏందంటె, సిరంజి తీసుకో, అక్వేరియంలకని అమ్మే కాల్షియం హైడ్రాక్సైడ్ పొడిని, అంటె మనం సున్నం అంటమే అదే, కాని పాన్ డబ్బా సున్నం వద్దు, అందుల ఏం కలిసిందో చెప్పలేం, ఆ పొడిని ఆర్ఓ నీళ్ళల్ల చిక్కగ కలుపు. పంపులు అన్ని బంద్ చెయ్యి. నిదానంగ సూది దాని నోటి దగ్గరికి తీసుకపోయి, ముడుచుకోక ముందే పళ్ళెం మీద, నోట్ల నింపు. పది పదిహేను నిమిషాలు అట్లనే ఉండనిచ్చి పంపులు ఆన్ చెయ్యి. ఒక్క దినంల రెండు మూడింటికి మించి చెయ్యకు, సున్నంతోని నీళ్ళ పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం కొలత) పైకి లేస్తది. కండ్లకు అద్దాలు పెట్టుకో, చర్మం మీద పడితె కాలుతది.

పది పన్నెండే ఉన్నయి కాబట్టి ఇప్పుడు చేస్తె అదుపులకొస్తది, వందలైనంక సిరంజితోని గెలుచుడు కష్టం, అప్పుడు పెప్పర్‌మింట్ రొయ్య అక్కరకొస్తది. అది చిన్న ఐప్టేషియాలను తింటది, పెద్దవాటి జోలికి పోదు. కొనేటప్పుడు చూసుకో, క్యామెల్ ష్రింప్‌ను అదే పేరు మీద అంటగడుతరు, దానికి వీపు మీద గూని ఎక్కువ, ఎర్రటి ఒంటి మీద తెల్ల గీతలు చుక్కలు కొట్టొచ్చినట్టు ఉంటయి, అది నీ జోవాంథిడ్‌లను, పగడాలను తింటది. బెర్గియా అనే సముద్రపు నత్త దొరికితె ఇంకా మేలు, అది ఐప్టేషియా తప్ప వేరేది తినదు, ఐప్టేషియా అయిపోతె ఆకలికి చచ్చిపోతది, అప్పటికి ఇంకో ట్యాంకు ఉన్నోళ్ళకు ఇచ్చెయ్యాలె. కాపర్‌బ్యాండ్ బటర్‌ఫ్లై చేప కూడ తింటది అంటరు, నిజమే, కాని ఆ చేపను తిండికి అలవాటు చేసుడే పెద్ద పని, కొత్తోళ్ళకు నేను చెప్పను.

ప్రశ్న: నమస్తే సార్, మహబూబ్‌నగర్ నుంచి రాస్తున్న. మా బాబు క్లౌన్ చేపలు తెచ్చుకున్నడు, వాటికి తోడు బబుల్ టిప్ అనిమోన్ కొన్నం. ట్యాంకు పెట్టి రెండు నెలలైంది. మొదటి దినం మంచిగనే ఉండె, తర్వాత రాయి దిగి అద్దం మీదికి పోయింది, ఇప్పుడు పంపు పక్కకొచ్చింది. బుడగలు అన్ని పోయి పోగులు పొడుగ్గ అయినయి. ఒక్కోపారి మొత్తం కుంచించుకపోయి నోట్లకెల్లి గోధుమ రంగు తీగలు కక్కుతుంది. చచ్చిపోతుందా? మా బాబు అన్నం తింటలేడు.

అక్కా, మీ బాబుకు ముందు ఈ మాట చెప్పుండ్రి, మీరు రాసిన వాటిల సగం సంగతులు చావు గుర్తులు కావు. బుడగలు పోవుడు బబుల్ టిప్‌కి మామూలే, మంచిగ ఆరోగ్యంగ ఉన్నది కూడ బుడగలు లేకుండ సంవత్సరాలు ఉంటది. కుంచించుకపోయి గోధుమ తీగలు కక్కుడు అంటె కడుపుల ఉన్న చెత్తను, ఎక్కువైన నాచు కణాలను బయటికి పంపుతుంది, అనిమోన్‌కి తినేందుకు, విసర్జించేందుకు ఒక్కటే దారి, నోరే. కొన్ని గంటలల్ల, ఎక్కువంటె ఒక దినంల మల్ల ఉబ్బాలె.

భయపడాల్సిన గుర్తులు వేరే. నోరు వదులుగ తెరుచుకొని లోపటి తెల్లటి పేగులు బయటికొచ్చి అట్లనే ఉండుడు, కాలు దేన్ని పట్టుకోకుండ నీళ్ళల్ల కొట్టుకపోవుడు, పోగులు వేలికి అంటుకోకపోవుడు, ఒళ్ళు జిగురుగ విడిపోయి నీళ్ళు కుళ్ళు వాసన రావుడు. ఈ చివరిది కనబడితె గంట కూడ ఆగొద్దు, గిన్నెతోని మొత్తం ఎత్తి బయట పడెయ్యాలె, ఎందుకంటె అనిమోన్ ఒళ్ళంత నీళ్ళు, కండ, కుట్టే కణాలు, అది కరిగితె అమ్మోనియా లేచి తెల్లారేసరికి చేపలన్ని పోతయి. తీసినంక నీళ్ళు మూడో వంతు మార్చి మలినాలు పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ వెయ్యాలె.

మీ అనిమోన్ తిరుగుతున్నది అంటె ఉన్న కాడ దానికి నచ్చలేదన్న మాట. వెలుతురు తక్కువనో, నీళ్ళ ధార గట్టిగ తగిలో, కాలు దాచుకునే పగులు లేకనో. చేత్తోని పీకి మనకు నచ్చిన కాడ పెట్టొద్దు, పీకితె కాలు చిరుగుతది, చిరిగిన కాలు ఇన్ఫెక్షన్ అయి చస్తది. మీరు చెయ్యాల్సిన పని అన్నిటికంటె ముందు పంపుకు, నీళ్ళను కదిలించే వేవ్‌మేకర్‌కు స్పాంజి గార్డు తొడగుండ్రి, ఈ రాత్రే, ట్యాంకులల్ల అనిమోన్లు పంపుల పడి ముక్కలైన కథలే ఎక్కువ. తర్వాత వెలుతురు పడే కాడ, లోతుగ పగులున్న ఒక రాయి పెట్టి దాన్ని దాని మానాన వదిలెయ్యుండ్రి, కూర్చునే కాడ అదే కూర్చుంటది.

ఇంకో మాట కూడ చెప్పాలె, కొంచెం కటువుగ అనిపిస్తదేమో. రెండు నెలల ట్యాంకుల అనిమోన్ పెట్టుడు తొందర. ఆరు నెలలు, వీలైతె ఏడాది నిండిన ట్యాంకు కావాలె, ఎందుకంటె కొత్త ట్యాంకుల అమ్మోనియా, నైట్రేటు, ఉప్పు, పీహెచ్ రోజుకో తీరు మారుతయి, చేప తట్టుకుంటది, అనిమోన్ తట్టుకోదు. వెనక్కి తీసుకునే షాపు ఉంటె ఇచ్చెయ్యుండ్రి, లేకపోతె ఇప్పటినుంచి కొలతలు గట్టిగ పట్టుకోవాలె. ఉప్పు 35 పీపీటీ (వెయ్యి పాళ్ళల్ల 35 పాళ్ళు), అంటె స్పెసిఫిక్ గ్రావిటీ (మంచి నీళ్ళతోని పోల్చిన బరువు) 1.026 దగ్గర. వేడి 25 నుంచి 27 డిగ్రీలు. పీహెచ్ 8.1 నుంచి 8.4. ఆల్కలినిటీ, అంటె పీహెచ్ పడిపోకుండ పట్టుకునే గుణం, 8 నుంచి 10 డీకేహెచ్ (దాన్ని కొలిచే లెక్క). అమ్మోనియా, నైట్రైటు సున్నా, నైట్రేటు లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపల. ఇవి అంకెలే, అంతకంటె పెద్ద సంగతి ఆ అంకెలు పొద్దుగాలకు మాపటికి మారకుండ ఉండుడు.

తిండి గురించి. బబుల్ టిప్ ఒంట్ల జోజాంతెల్లే అనే చిన్న నాచు కణాలు ఉంటయి, వెలుతురుతోని అవి చేసిన తిండి దానికి పోతది, అందుకె మామూలు ట్యూబ్ లైట్ సరిపోదు, పగడాలకు వాడే ఎల్ఈడీ కావాలె, దినానికి 8 నుంచి 10 గంటలు. పైనుంచి వారానికి ఒకటి రెండు పార్లు పచ్చి రొయ్య ముక్క, శనగ గింజంత, ఉప్పు కారం ఏం తగలనిది, పట్కారుతోని పోగుల మీద పెట్టుండ్రి. పెద్ద ముక్క పెడితె ప్రేమ ఎక్కువైనట్టు కాదు, మింగినట్టే మింగి తెల్లారి కుళ్ళిన ముక్క కక్కుతది. క్లౌన్లు ఆ ముక్కను గుంజుకుంటయి, వాటికి ముందు తినిపించి తర్వాత దీనికి పెట్టాలె.

మీ బాబుకు ఇది కూడ చెప్పుండ్రి, క్లౌన్ చేప ట్యాంకుల అనిమోన్ లేకున్నా బతుకుతది. సముద్రంల పెద్ద చేపలు మింగుతయి కాబట్టి దానికి అనిమోన్ ఆసరా కావాలె, ఇంట్ల మింగేటోళ్ళు లేరు. మీ దగ్గర ఉన్నది ఓసెలారిస్ అనే రకం క్లౌన్ అయితె, దానికి సముద్రంల అసలు బబుల్ టిప్ ఇల్లే కాదు, మాగ్నిఫికా, జైగాంటియా, మెర్టెన్సై అనే మూడు రకాల అనిమోన్లల్ల ఉంటది, ట్యాంకుల మాత్రం చాన పార్లు బబుల్ టిప్‌ను ఒప్పుకుంటది, కొన్ని పార్లు నెలలు పడుతది, కొన్ని పార్లు ఎప్పటికీ పోదు. పోకపోతె మీ తప్పు కాదు. బబుల్ టిప్‌ల మాత్రమే ఉండే క్లౌన్ ఒకటుంది, మెరూన్ క్లౌన్, కాని అది కోపిష్టిది, చిన్న ట్యాంకుకు వద్దు.

అనిమోన్ మంచిగ చూసుకుంటె ఎన్నేండ్లు బతుకుతదో చెప్పే సంగతి ఒకటి ఉంది, మీ బాబుకు కథ చెప్పినట్టు చెప్పుండ్రి. స్కాట్లాండ్‌ల సర్ జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1828ల నార్త్ బెర్విక్ ఒడ్డున ఒక అనిమోన్‌ను ఏరుకొచ్చి గాజు పాత్రల పెట్టిండు, సముద్రపు నీళ్ళు మార్చుకుంట సాకిండు. ఆయన 1851ల పోయిండు, అనిమోన్ పోలేదు, చేతులు మారుకుంట 1887 దాక బతికింది, అందరు దాన్ని గ్రానీ అంటుండ్రి, అంటె నాయినమ్మ. అది చల్లటి సముద్రపు రకం, ఒంట్ల నాచు కణాలు లేనిది, మన బబుల్ టిప్‌కు వెలుతురు కావాలె కాబట్టి పని కొంచెం ఎక్కువ. కాని ఆ కాలంల కరెంటు పంపు లేదు, మురికి తీసే స్కిమ్మర్ లేదు, ఎవరో ఒకరు క్రమం తప్పకుండ నీళ్ళు మార్చిన్రు, అంతే.

ప్రశ్న: మిర్యాలగూడ. మా బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఉంటది, వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు తెచ్చి మెరైన్ సాల్ట్ కలుపుతున్న. అయినా రాళ్ళ మీద గోధుమ నాచు పోతలేదు, అనిమోన్ వాడిపోయింది. ఎండాకాలం వస్తుంది, 44 డిగ్రీలల్ల ఎట్ల కాపాడాలె? కరెంటు పోతె?

ఈ ప్రశ్న మన దిక్కు ప్రతి ట్యాంకుది.

ఫ్లోరైడ్ గురించి ముందు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి దిక్కు ఊర్లు ఫ్లోరైడ్ నీళ్ళతోని తరాల పాటు పడ్డ బాధ మనకు తెలుసు కాబట్టి ఆ పేరు వింటేనే గుండెల రాయి పడుతది, కాని సముద్రపు నీళ్ళల్లనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల దాక ఫ్లోరైడ్ ఉంటది, మనిషి తాగే నీళ్ళకు పై హద్దు 1.5. అంటె అనిమోన్‌కు ఫ్లోరైడ్ ఒక్కటే శత్రువు కాదు. బోరు నీళ్ళతోని వచ్చే మిగిలిన సరుకు చూడు, గట్టిదనం, నైట్రేటు, సిలికేటు, పైపులకెల్లి రాగి. గోధుమ నాచు అంటున్నవే, అది డయాటం, సిలికేటు తిని బతుకుతది. రాగి అయితె అనిమోన్‌కు, రొయ్యకు, నత్తకు చాన కొంచెమే చాలు. అందుకె చేపల తెల్ల మచ్చల రోగానికి వేసే రాగి మందును అనిమోన్ ఉన్న ట్యాంకుల ఎప్పుడు పొయ్యొద్దు, చేపను వేరే తొట్టిల పెట్టి మందు ఇయ్యాలె.

క్యాన్ నీళ్ళు తాగేందుకు మంచివే, ట్యాంకుకు సరిపోతయనే హామీ లేదు. ప్లాంటోళ్ళు రుచి కోసం కొంచెం మామూలు నీళ్ళు కలుపుతరు, లేకపోతె పాత మెంబ్రేన్ తోని నడుపుతరు, టీడీఎస్ (నీళ్ళల్ల కరిగిన లవణాల లెక్క) మీటరు పెడితె 50, 80, ఒక్కోసారి 100 పైన చూపిస్తది. మనకు కావాల్సింది సున్నా నుంచి 5. చిన్న టీడీఎస్ మీటరు కొనుక్కో, ప్రతి క్యాను చూసి పొయ్యి, ఎక్కువ చూపిస్తె ఇంట్లనే ఆర్ఓ తర్వాత మిగిలిన లవణాలను పట్టే డీఐ రెజిన్ డబ్బా ఒకటి తగిలించు, రంగు మారినప్పుడు రెజిన్ మార్చు. మిషన్ భగీరథ నల్లా నీళ్ళు నది నీళ్ళు కాబట్టి ఆర్ఓకు పెట్టేందుకు బోరు కంటె నయం, కాని క్లోరిన్ ఉంటది, కార్బన్ ఫిల్టరు దాటకుండ పొయ్యొద్దు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే ఉంది, నల్లగొండ పద్ధతి, నాగ్‌పూర్ నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారు చేసిన్రు, మనుషుల కోసం చేసిన గొప్ప పని అది, ట్యాంకుకు మాత్రం ఆ నీళ్ళు నేరుగ వద్దు, పటిక నుంచి అల్యూమినియం మిగులుతది.

ఉప్పు కలిపేటప్పుడు లీటరుకు 35 నుంచి 40 గ్రాముల మధ్యల పడుతది, డబ్బా మీద కొలత చూసి కలిపి, ఒక దినం పంపు పెట్టి తిప్పి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తోని చూసి పొయ్యి. ట్యాంకుల ఆవిరైపోయేది నీళ్ళే, ఉప్పు ఆడనే ఉంటది, కాబట్టి తగ్గిన మేరకు ఉత్త ఆర్ఓ నీళ్ళే నింపాలె, ఉప్పు నీళ్ళు నింపితె నాలుగు రోజులల్ల ఉప్పు పెరిగి అనిమోన్ ముడుచుకుంటది.

ఇగ ఎండ. నీళ్ళు 29, 30 దాటి అట్లనే ఉంటె అనిమోన్ ఒంట్ల నాచు కణాలను కక్కేస్తది, తెల్లగైపోతది, దీన్నే బ్లీచింగ్ అంటరు. నీళ్ళు చల్లబరిచే చిల్లర్ కొనే స్తోమత ఉంటె కొను, దాని వేడి గాలి బయటికి పోయేటట్టు పెట్టు, మూసిన అల్మారిల పెడితె దాని వేడి దానికే తగులుతది. లేకపోతె ట్యాంకు అద్దం మూత తీసేసి జాలి వేసి, నీళ్ళ మీదికి చిన్న ఫ్యాన్ తిప్పు. మట్టి కుండల నీళ్ళు ఎట్ల సల్లగైతయో ఇది కూడ అట్లనే, ఆవిరి పోయేటప్పుడు వేడిని తీసుకపోతది. మన దిక్కు ఏప్రిల్, మే నెలలల్ల గాలి పొడిగ ఉంటది కాబట్టి రెండు మూడు డిగ్రీలు మంచిగనే దిగుతది, జూలైల తేమ వచ్చినంక అంత పని చెయ్యదు, అప్పటికి ఎండ కూడ తగ్గుతది. ఫ్యాన్ పెట్టినవంటె దినానికి ఆవిరయ్యే నీళ్ళు చాన ఎక్కువైతయి, నింపుడు మర్చిపోవద్దు. రేకుల ఇల్లు అయితె, పడమటి గోడకు ట్యాంకు ఉంటె, ముందు దాన్ని జరుపు. వేడి ఎక్కువైన దినం గడ్డకట్టిన నీళ్ళ సీసా మూత గట్టిగ పెట్టి తేలవెయ్యి, కాని ఒక్కసారే దించొద్దు, గంటకు ఒక డిగ్రీ చాలు. లైట్లు పగలు బంద్ పెట్టి సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాక వెయ్యి, అనిమోన్‌కు గంటలు కావాలె, అవి పగటివా రాత్రివా అన్నది దానికి పట్టింపు లేదు.

కరెంటు పోతె లైటు గురించి ఆలోచించకు, ఒక దినం చీకట్ల ఉన్నా ఏం కాదు. నీళ్ళు కదలకపోతె ప్రాణవాయువు తగ్గుతది, వేడి నీళ్ళల్ల ఇంకా తక్కువ ఉంటది. ఇన్వర్టర్‌కు వేవ్‌మేకర్ ఒక్కటి కలుపు, అది కాకపోతె బ్యాటరీ ఏర్ పంపు పెట్టుకో.

ప్రశ్న: దేవరకొండ నుంచి. పట్నంల నిమ్మపండు పసుపు రంగు అనిమోన్ కొన్న, మస్తు మెరిసింది. నెల లోపల తెల్లగైంది. రంగు ఎట్ల తెప్పించాలె?

తమ్ముడూ, ఆ పసుపు దాని సొంతం కాదు, రంగు పట్టించి అమ్మిన్రు. కొట్టొచ్చినట్టు ఉండే పసుపు, గులాబీ, నీలి రంగులు ఒంటి మొత్తం ఒకే తీరుగ ఉంటె అనుమానపడాలె. అసలు రంగులు గోధుమ, లేత ఆకుపచ్చ, ఊదా కొసలు, బబుల్ టిప్‌ల అయితె ఎరుపు కూడ నిజమైన రంగే. రంగు వేసేవి చాన మట్టుకు అప్పటికే బ్లీచ్ అయినవి, ఆ జీవిని అంత హింస పెట్టి అమ్మేటోళ్ళ దగ్గర మల్ల కొనకుండ్రి. ఇప్పుడు చెయ్యాల్సింది, తెల్లగైనా చావలేదు, లైటు సగానికి తగ్గించి వారాల మీద మెల్లగ పెంచు, రెండు దినాలకోసారి శనగ గింజల సగమంత రొయ్య ముక్క పెట్టు, నాచు కణాలు మల్ల పెరిగి గోధుమ రంగు రావాల్నంటె నెలలు పడుతది. నోరు గట్టిగ మూసుకొని, కాలు పట్టుకొని ఉన్నంత కాలం ఆశ ఉన్నది.

ప్రశ్న: సూర్యాపేట. బీచ్‌కు పోయినప్పుడు రాళ్ళకున్న అనిమోన్లు చూసినం. తెచ్చుకోవచ్చునా?

వద్దు. రాయి నుంచి పీకితె కాలు చిరుగుతది, వేడిల గంటల తరబడి ప్రయాణంల ప్లాస్టిక్ కవరు నీళ్ళు కాగుతయి, మీ ట్యాంకు దాక ప్రాణంతోని రాదు. పగడాల రాళ్ళు తెచ్చుకుందమనుకునేటోళ్ళు కూడ వినుండ్రి, రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవులు, ముక్క తీసినా నేరమే. ఆడనే మోకాళ్ళ మీద కూర్చొని చూసి రండి, మీ పిల్లలకు చూపించుండ్రి.

ప్రశ్న: జడ్చర్ల. గోల్డ్ ఫిష్ ట్యాంకుల రాళ్ళుప్పు వేసి అనిమోన్ పెట్టొచ్చునా?

పెట్టొద్దు. వంట ఉప్పుల దాదాపు మొత్తం సోడియం క్లోరైడే ఉంటది, అనిమోన్‌కు కాల్షియం, మెగ్నీషియం, ఇంకెన్నో కలిసిన సముద్రపు ఉప్పు కావాలె. ఆ ఉప్పు వేస్తె గోల్డ్ ఫిష్ చస్తది, వెయ్యకపోతె అనిమోన్ చస్తది. రెండు వేర్వేరు ట్యాంకులు.

ప్రశ్న: నాగర్‌కర్నూల్. మా పాప కార్పెట్ అనిమోన్‌ను ముట్టింది, మణికట్టు మీద ఎర్రగ దద్దు లేచింది. ఏం చెయ్యాలె?

అక్కా, ట్యాంకు ఉప్పు నీళ్ళతోనే మెల్లగ కడుగుండ్రి, మంచి నీళ్ళతోని రుద్దితె చర్మం మీద మిగిలిన కుట్టే కణాలు ఇంక పేలుతయి. అతుక్కున్న పోగు ముక్క ఉంటె పట్కారుతోని తీయుండ్రి. వాపు పెరిగినా, ఊపిరి ఆడకున్నా, పెదవులు ఉబ్బినా, వాంతులైనా ఆలస్యం చెయ్యకుండ ఆసుపత్రికి తీసుకపోవాలె, కొందరి ఒంటికి ఇది అలర్జీ అయితది. కార్పెట్ అనిమోన్ కుట్టు బబుల్ టిప్ కంటె చాన గట్టిది, చేపలను పట్టి మింగుతది కూడ, పిల్లలున్న ఇంట్ల ఆ ట్యాంకుకు తాళం వేసే మూత పెట్టుకోవాలె.

ప్రశ్న: వనపర్తి. బతుకమ్మ, దసరాకు పది రోజులు అత్తగారి ఊరికి పోతున్నం. అనిమోన్‌కు తిండి ఎవరు పెట్టాలె?

ఎవరు పెట్టనక్కర లేదు, పది రోజులు తిండి లేకున్నా వెలుతురు ఉంటె దానికి సరిపోతది, పక్కింటోళ్ళకు చెప్తె ప్రేమతోని ఎక్కువ పెట్టి నీళ్ళు పాడు చేస్తరు. లైటుకు టైమరు పెట్టుండ్రి. క్లౌన్లకు ఆటో ఫీడరు ఉంటె మంచిది, లేకపోతె ఒక్కో పూట తిండి చిన్న పొట్లాలు కట్టి, రెండు రోజులకొకటి అని రాసి పెట్టుండ్రి. అసలు పని నీళ్ళు నింపుడు. తగ్గిన నీళ్ళు దానంతట అదే నింపే ఆటో టాప్ ఆఫ్ ఉంటె దాని డబ్బా నిండుగ పెట్టి పోండి, లేకపోతె ట్యాంకు అద్దం మీద స్కెచ్ పెన్నుతోని గీత గీసి, ఆర్ఓ నీళ్ళ క్యాను పక్కన పెట్టి, రోజు పొద్దుగాల గీత దాక పొయ్యుమని పక్కింటోళ్ళకు చూపించుండ్రి, బయలుదేరేకంటె మూడు రోజుల ముందు నుంచే వాళ్ళతోని పోయించి చూడుండ్రి, చెయ్యి తిరుగుతది. పంపు గార్డు ఊడిందేమో చివరిసారి చూసుకొని, మీ నంబరు ట్యాంకు మీద అతికించి పోండి.